మూడేళ్లుగా నా బల్ల మీదున్న పాకెట్ స్టీరియోస్కోప్

కొన్న రోజు సాయంత్రం మేడ మీద కూర్చుని, 1946లో ఇంగ్లండ్ మీద విమానం నుంచి తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి ఈ స్టీరియోస్కోప్ కటకాల్లోంచి చూశాను. ఒక్కో కంటికి ఒక్కో ఫొటో చూపించి ఎత్తుపల్లాలు తేల్చే చిన్న పరికరం ఇది. కాసేపు రెండు బొమ్మలూ విడివిడిగా ఊగాయి. ఉన్నట్టుండి ఒకటైపోయాయి, పొలం గట్టు మీది చెట్లు కాగితంలోంచి పైకి లేచాయి. కేకేసి అమ్మను పిలిచాను. ఆ ఆనందం ఇవాళ్టికీ తగ్గలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాయుసేన రాయల్ ఎయిర్ ఫోర్స్ బ్రిటన్‌ను పైనుంచి వరుసగా ఫొటోలు తీసింది. ఒక ఫ్రేములో పడిన నేల దాదాపు 60 శాతం పక్క ఫ్రేములోనూ పడుతుంది, అందుకే జంటగా చూడొచ్చు. నేను వెతికేది పెద్ద విమానాశ్రయాలను కాదు. యుద్ధంలో కొన్నాళ్లు ఉండి తర్వాత ఎత్తేసిన సైనిక చోట్లను: సెర్చ్‌లైట్ స్థావరాలు, డేరాల శిబిరాలు, విమానాల మీద కాల్చే ఫిరంగుల బ్యాటరీలు, అంటే కొన్ని ఫిరంగులను ఒకచోట నిలిపిన స్థావరాలు. యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లోని మెడ్మెనమ్ కేంద్రంలో విమాన ఫొటోలు చదివినవాళ్ల చేతుల్లో ఉన్నవీ ఇలాంటి స్టీరియోస్కోపులే. 1943 నవంబరు చివర తీసిన పీనెముండె (జర్మన్ల ఆయుధ పరీక్షా కేంద్రం) ఫొటోలో, ర్యాంపు మీదున్న వి-1ను, అంటే పైలట్ లేకుండా ఎగిరే జర్మన్ బాంబును, వాళ్లలో ఒకరైన కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్ గుర్తించింది అక్కడే. తిరుపతిలో డిగ్రీలో జాగ్రఫీ చదివేటప్పుడు ల్యాబ్‌లో ఐదు నిమిషాలు మాత్రమే దొరికిన వస్తువు ఇప్పుడు నా సొంతం.

ఇక అసలు సంగతి. మొదటి ఏడాది ఇది నన్ను రెండు నెలలు తప్పుదారి పట్టించింది. రెండు ఫ్రేముల్లోంచి ఒకే బీడు ముక్కను ప్రింట్ తీయించాను. ఏది ఎడమదో ఏది కుడిదో అంచున రాయమని ప్రింట్ షాపులో రెండుసార్లు చెప్పాను. వాళ్లు రాయకపోగా, నీట్‌గా ఉంటుందని అంచులూ కోసేశారు. ఫ్రేము నంబర్లు పోయాయి. నేను తోచినట్టు పెట్టుకుని చూశాను. బీడులో అర్ధచంద్రాకారంగా నాలుగు గుండ్రటి కాలవలు కనిపించాయి, మామిడి చెట్లకు పాదులు తీసినట్టు. చెట్లు పీకేసిన గుంటలనుకుని ఆ చోటును జాబితాలోంచి కొట్టేశాను.

రెండు నెలల తర్వాత వేరే పని మీద అదే జంటను తీశాను. ఈసారి చూపు ప్రింటు మూలన, బీడు బయట ఉన్న ఇంటి మీద పడింది. కప్పు బావిలా లోపలికి దిగిపోయి ఉంది! ఒళ్లు జలదరించింది. ఎడమ ఫొటో కుడికి, కుడిది ఎడమకి మారితే ఎత్తు పల్లంగా, పల్లం ఎత్తుగా కనిపిస్తుంది. చదువుకున్న విషయమే, కానీ బీడులో చెట్టూ ఇల్లూ లేకపోవడంతో అనుమానం రాలేదు. ప్రింట్లు మార్చి పెట్టాను. ఇల్లు లేచింది. కాలవలనుకున్న నాలుగూ మట్టి కట్టలై లేచాయి, వాటి నడుమ కమాండ్ పోస్టు (ఫిరంగులకు ఆదేశాలిచ్చే చోటు) దిబ్బ. ఫిరంగుల బ్యాటరీయే. అప్పటి నుంచి ఏ ప్రింటైనా వెనక పెన్సిల్‌తో ఎడమ, కుడి అని నేనే రాస్తున్నాను. కటకాల్లో చూడగానే ముందు ఒక ఇంటి కప్పు వెతుకుతాను.

అయితే ప్రతి చోటూ ఇలా లేచి నిలబడదు. 1944 జూలైలో వి-1లను సముద్రం మీదే కూల్చాలని ఫిరంగులను లండన్ వైపు నుంచి ఆగ్నేయ తీరానికి హడావిడిగా తరలించారు. కాంక్రీటు పోసే తీరిక లేక రైలు పట్టాలు, స్లీపర్లు పరిచి వాటి మీద నిలిపారు. అలాంటివి ఎత్తేశాక మిగిలేవి నేల మీద మచ్చలు, టైర్ల జాడలు. డేరాలు వేసిన చోటా అంతే, గడ్డి చచ్చిన తెల్లటి వలయాలు. మచ్చకు ఎత్తు ఉండదు కాబట్టి కటకాలు దాన్ని కాస్త పెద్దగా చూపిస్తాయి, అంతే.

అలాంటి ఒక ఫొటోను పాకాల దగ్గర మా ఊరికి తీసుకెళ్తే నాయన ఉత్త కళ్లతోనే చూశారు. పొలం నడుమ ఒక గుండ్రటి మచ్చ, దాని దాకా పోయి ఆగిపోయిన సన్నటి గీత. వేరుశనగ కళ్లంలా ఉందని నేనంటే ఆయన ఒప్పుకోలేదు. "బండి దావ గెనిమ పక్కన పోతాది పాపా. పైరు నడిమధ్యలో ఏ రైతు పోనిస్తాడు? ఇది వాళ్లను అడక్కుండా వేసిందే" అన్నారు. పక్క ఫ్రేములో ఆ గీత చివర రెండు గుడిసెల నీడలు దొరికాయి. సెర్చ్‌లైట్ స్థావరం అయ్యుండొచ్చని ఇప్పటికి రాసుకున్నాను.

కొనాలా అంటే, నాకైతే ఖర్చు దండగ కాలేదు. నాకు రెండు కళ్లూ సమానంగా కనిపిస్తాయి, పొద్దున మేడ మీద మంచి వెలుతురు ఉంటుంది, జంట ఫ్రేములు వెతికే ఓపిక ఉంది. ఒక కంటి చూపు తక్కువైన నా స్నేహితురాలికి ఎంత సేపు చూసినా బొమ్మ ఒక్కటి కాలేదు, కాబట్టి ముందు ఎవరి దగ్గరైనా అడిగి చూసుకోండి. ఒంటరి ఫొటోలే ఉన్నవాళ్లకు మామూలు భూతద్దం చాలు. నేను మాత్రం ఈ సంక్రాంతికి దీన్నీ మరో నాలుగు జంటల ప్రింట్లనీ ఊరికి పట్టుకెళ్తున్నాను, దావల సంగతి నాయనను అడగాలి.