బార్త్ సిండ్రోమ్ అనుమానం: జన్యు పరీక్షా, గుండె బయాప్సీయా?

అమలాపురంలో ఒక మగబిడ్డకు గుండె ఉబ్బి, రక్తంలో సూక్ష్మక్రిములతో పోరాడే న్యూట్రోఫిల్ కణాలు తగ్గితే ఈ ప్రశ్న రావచ్చు. బార్త్ సిండ్రోమ్ అరుదైన జన్యు జబ్బు: టాఫాజిన్ జన్యువు చెడితే, కణాలకు శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పొరల్లోని కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థం సరిగా తయారవదు, గుండె కండరానికి శక్తి చాలదు.

శ్రమ: జన్యు పరీక్షకు రక్తం ఊళ్లోనే తీసి హైదరాబాదుకు పంపవచ్చు, బయాప్సీకి బిడ్డనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లి, మత్తిచ్చి, సిరలోంచి గొట్టం పంపి, గుండె లోపలి నుంచి ముక్క తీయాలి.

ముప్పు: మొదటిది సూదిపోటు, రెండోదానిలో, అరుదుగానైనా, గుండెగోడకు చిల్లు పడవచ్చు.

ఫలితం: బయాప్సీ మైటోకాండ్రియా రూపం చెడిందని చూపగలదు గాని, మూలకారణాన్ని తేల్చలేదు. జన్యు ఫలితం చేతికొస్తే తల్లికీ, ఆమె అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించవచ్చు. ఇది ఎక్స్ క్రోమోజోము ద్వారా, తరచూ తల్లి నుంచి, వచ్చే జబ్బు కనుక మేనరికం లేని ఇళ్లలోనూ వస్తుంది; తల్లిని నిందించడం అన్యాయం.

కాబట్టి ముందు జన్యు పరీక్షే మేలు. దానిలో స్పష్టత రాకపోతే రక్తంలో కార్డియోలిపిన్ పరీక్ష చేయించాలి. ఇది బార్త్ కాక గుండె కండరపు మంట-వాపు (మయోకార్డైటిస్) ఏమోనన్న అనుమానం బలంగా ఉంటేనే బయాప్సీ ఆలోచించాలి.