బీచ్ రోడ్డు డిమ్ సమ్ బాగుంది, కానీ రాత్రిపూట వెళ్ళే ముందు ఇది చదవండి

ముందే చెప్పేస్తాను, హోటల్ పేరు రాయడం లేదు. రెండోసారి వెళ్ళినప్పుడు జరిగింది మేనేజర్‌కి అక్కడే చెప్పాను, సరిచేసుకుంటామన్నారు, చాలావరకు చేసుకున్నారు కూడా. ఇప్పుడు పేరు పెట్టి రాస్తే ఆ వంటింట్లో పొద్దున్నుంచి నిలబడి పనిచేసే పిల్లల మీద పడుతుంది, అది నాకిష్టం లేదు. వైజాగ్ బీచ్ రోడ్డు వైపు ఈమధ్య తెరిచిన డిమ్ సమ్ హోటల్, అంటే ఎక్కువగా ఆవిరి మీద ఉడికించే చైనా చిరుతిళ్ళ హోటల్ అనుకోండి, చాలు. మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ నా డబ్బులతోనే తిన్నాను.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈవిడకెందుకింత పట్టింపు అనుకుంటారు. రొయ్యల ఎక్స్‌పోర్ట్ ప్లాంటులో పదకొండేళ్ళు క్వాలిటీలో పనిచేశాను. మన దగ్గర్నుంచి అమెరికా వెళ్ళే వనామి రొయ్యకి ఎన్ని పరీక్షలు చేస్తారో, ఎంత ఐసు పోస్తారో, యాంటీబయాటిక్ అవశేషం ఉందని తేలితే సరుకు ఎలా వెనక్కొస్తుందో అన్నీ చూశాను. అదే రొయ్య మన ఊరి హోటల్‌కి వెళ్ళేటప్పుడు ఆ కాగితాలేవీ వెంట రావు. అక్కడ దాన్ని కాపాడాల్సింది వంటవాడి చెయ్యి, ఫ్రిజ్, ఆవిరి, అంతే. అందుకే నా హ్యాండ్‌బ్యాగ్‌లో సూది థర్మామీటర్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. హోటల్లో అది బయటికి తీస్తే మా ఆడపడుచు "ఒదినా, పరువు తీయకు" అంటుంది, అయినా తీస్తాను.

మొదటిసారి వెళ్ళింది ఆదివారం, పన్నెండు కాకముందే. నేను, మా ఆయన, ఆడపడుచు. వెళ్ళగానే హార్ గావ్ చెప్పాం, పల్చటి పొరలో రొయ్య పెట్టి ఆవిరి మీద ఉడికించేది, నాలుగు ముక్కలు 340 రూపాయలు. వెదురు బుట్ట మూత తీయగానే ఆవిరి నా కళ్ళద్దాలకి పట్టేసింది. అద్దాలు తుడుచుకుని చూస్తే నాలుగు చిన్న కజ్జికాయల్లా ఉన్నాయి, పై పొర గాజులా మెరుస్తోంది, లోపలి రొయ్య గులాబీ రంగు బయటికి తెలుస్తోంది. ఒకదాని మీద మడతలు లెక్కపెట్టాను, తొమ్మిది. కొరికితే పొర మెత్తగా సాగి, లోపల రొయ్య పటుక్కుమంది. ఒక ముక్క విప్పి చూశాను, రొయ్యని మరీ రుబ్బేయలేదు, సగం సగం ముక్కలుగా కోశారు, నల్ల నరం ఎక్కడా లేదు. వైజాగ్‌లో ఇంత శ్రద్ధగా చేసిన హార్ గావ్ నేను తినలేదు, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

చాలామంది మోమో, డిమ్ సమ్ ఒకటే అనుకుంటున్నారు. మోమో టిబెట్, నేపాల్ వైపు నుంచి వచ్చింది, దాని పొర మైదాతో చేస్తారు. డిమ్ సమ్ దక్షిణ చైనాలో గ్వాంగ్‌జౌ, హాంకాంగ్ వైపు కాంటనీస్ వాళ్ళది. అదొక వంటకం పేరు కూడా కాదు, మనం టిఫిన్ అంటే ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా అన్నీ వచ్చినట్టు అందులో హార్ గావ్, సియు మై, లోపల తియ్యటి పోర్కు పెట్టిన బన్ను చార్ సియు బావ్, బియ్యప్పిండి పల్చటి పొర చుట్టిన చ్యాంగ్ ఫన్, కోడి కాళ్ళు, ముల్లంగి కేక్ ముక్కలు, గుడ్డు టార్ట్ అన్నీ వస్తాయి. హార్ గావ్ పొరకి మైదా పనికిరాదు, గోధుమపిండిలోంచి జిగురంతా కడిగేశాక మిగిలే తెల్లటి గంజిపొడి కావాలి, దానికి కాస్త కర్రపెండలం పిండి చేర్చి సలసల కాగే నీళ్ళు పోసి కలుపుతారు. వినాయక చవితికి పూర్ణం కుడుముల కోసం బియ్యప్పిండిలో మరిగే నీళ్ళు పోసి కలుపుతాం చూడండి, పద్ధతి అదే. అందుకే చల్లారితే పొర గట్టిపడి పగులుతుంది. చల్లారిన కుడుము ఎలా ఉంటుందో మనకి చెప్పక్కర్లేదు కదా.

కాంటనీస్ వాళ్ళ దగ్గర డిమ్ సమ్ పొద్దుటి తిండి. యమ్ చా అంటారు, అంటే టీ తాగడం. పొద్దున్నే పెద్దవాళ్ళు, పిల్లలు అందరూ కలిసి వెళ్ళి టీ కెటిల్ ముందు పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంటారు. కెటిల్ మూత పక్కకి జరిపి పెడితే వేడినీళ్ళు పోసి వెళ్తారు, ఎవరైనా మన కప్పులో టీ పోస్తే రెండు వేళ్ళతో బల్ల మీద తట్టడమే థాంక్స్. చియాన్‌లాంగ్ అనే చైనా చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ తన సేవకుడికి టీ పోస్తే, రాజు గుట్టు బయటపడకుండా ఆ సేవకుడు వేళ్ళతోనే దండం పెట్టాడని దాని మీద ఒక కథ చెబుతారు. హాంకాంగ్‌లో తినే ముందు గిన్నెలు, కప్పులు, చాప్‌స్టిక్ పుల్లలు వేడి టీతో కడిగి ఆ నీళ్ళు పక్కన గిన్నెలో పారబోయడం కూడా మామూలే. ఆ కొన్ని సెకన్లకి క్రిములు చావవు గానీ, శుభ్రం గురించి అందరి ముందూ పట్టించుకోవడం అక్కడ తప్పుగా అనుకోరు. మన దగ్గర గ్లాసు మార్చమంటే మొహం అదోలా పెడతారు.

పొద్దుటి తిండి అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, అక్కడ ఇంత సున్నితమైన తిండి ఇన్నేళ్ళుగా నడవడానికి ఆ జనమే కారణం. వందలమంది ఒకేసారి తింటారు, బుట్ట స్టీమర్ మీద నుంచి దిగడమే ఆలస్యం, బల్ల మీదకి వచ్చేస్తుంది. మన దగ్గర డిమ్ సమ్ రాత్రి తిండి అయిపోయింది. వారం మధ్యలో రాత్రి తొమ్మిదికి నాలుగు టేబుళ్ళే ఉంటాయి, మెనూలో మాత్రం ముప్పై రకాలు. పొద్దున్న చుట్టినవి ఎక్కడ ఉంటాయి, ఎంతసేపు ఉంటాయి? నా టెన్షన్ అంతా అక్కడే.

రెండోసారి వెళ్ళింది సరిగ్గా అలాంటప్పుడే, బుధవారం రాత్రి తొమ్మిదికి. సియు మై చెప్తే మూడు నిమిషాల్లో వచ్చేసింది. అప్పుడే అనుమానం వచ్చింది, పచ్చిది ఆవిరి మీద ఉడకాలంటే ఏడెనిమిది నిమిషాలైనా పడుతుంది. సియు మై అంటే పైన నోరు తెరిచి ఉండే పసుపు రంగు పొర, అసలు పద్ధతిలో పోర్కు, రొయ్య కలిపి పెడతారు, ఇక్కడ పోర్కు బదులు చికెన్. మూత తీస్తే ఆవిరి రాలేదు. అడుగున కాగితం తడిసి చల్లగా అంటుకుపోయి ఉంది. ముక్క నడుమ సూది గుచ్చితే 44 డిగ్రీలు. చికెన్ లోపల 75 డిగ్రీల దాకా ఉడకాలి, ఉడికింది వడ్డించేదాకా బాగా వేడిగానే ఉంచాలి. ఇవి నేను పెట్టిన లెక్కలు కావు, ఆహార భద్రత చూసే మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లో ఉన్నవే. 44 అంటే క్రిములకి హాయిగా ఉండే వేడి.

మేనేజర్‌ని పిలిచి, బాబూ, ఇది ఎప్పుడు ఉడికించారు అని అడిగాను. ఆ అబ్బాయి చాలా మర్యాదగా, "మేడమ్, మేం అజినోమోటో అస్సలు వాడం" అన్నాడు.

నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది. ఎందుకంటే ఆ జవాబు అతనికి నేర్పింది మనమే. చైనీస్ హోటల్‌కి వెళ్ళిన ప్రతివాళ్ళం అడిగేది ఆ ఒక్క ప్రశ్నే. 1908లో జపాన్‌లో ఇకెడా అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ సముద్రపు నాచు నుంచి ఆ రుచిని వేరు చేశాడు, అదే రుచి మన టమాటా పప్పులో ఉంది, ఎండు రొయ్యల్లో ఉంది. 1968లో అమెరికాలో ఒక వైద్య పత్రికకి ఎవరో రాసిన ఉత్తరంతో మొదలైన భయం, అజినోమోటో తింటే జబ్బు చేస్తుందన్న భయం, ఇంకా వదల్లేదు. టేస్టింగ్ సాల్ట్ తిని ఆసుపత్రిలో చేరినవాళ్ళని నేను చూడలేదు. ఉడికించి బయట పెట్టేసినవి తిని చేరినవాళ్ళని చూశాను, మా అమ్మాయే రెండేళ్ళ కిందట బండి మీద మోమోలు తిని రెండు రోజులు సెలైన్ ఎక్కించుకుంది. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒకావిడ చనిపోయింది, ఇంకా చాలామంది ఆసుపత్రి పాలయ్యారు, ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనీజ్‌ని ఏడాది పాటు నిషేధించింది. ఇవన్నీ వేడి, చల్లదనం, చేతుల శుభ్రం దగ్గర జరిగే పొరపాట్లు. మనం మాత్రం అజినోమోటో దగ్గరే ఆగిపోయాం.

వంటింట్లోంచి చెఫ్ వచ్చాడు, కోల్‌కతా అబ్బాయి. మాట దాచలేదు. ఎనిమిదింటికి బర్త్‌డే పార్టీ ఆర్డర్ ఉందట, మిగిలిన బుట్టలు స్టీమర్ పక్కన గట్టు మీద పెట్టారట, వాటిలోంచే నాకు వచ్చింది. అడిగితే లోపలికి రానిచ్చాడు కూడా. ఫ్రిజ్‌లో రొయ్యలు చూశాను, ఐసు కింద ఉన్నాయి, తల దగ్గర నల్ల మచ్చ లేదు, వాసన బాగుంది. హార్బర్ నుంచి పొద్దున ఆరింటికి వస్తాయన్నాడు. రొయ్య ఆ పటుకుదనం ఎలా వస్తోందని అడిగితే, వంటసోడా కాస్త పట్టించి, ఆపైన పంపు కింద చల్లటి నీళ్ళు వదిలి బాగా కడిగి, గుడ్డతో అద్ది ఆరబెడతాడట. పాత కాంటనీస్ పద్ధతే అది. ఇదే పటుకుదనం కోసం కొన్నిచోట్ల బోరాక్స్ అనే రసాయనం వేసేవాళ్ళు, తిండిలో అది ఇక్కడా నిషేధం, హాంకాంగ్‌లోనూ నిషేధమే. యూట్యూబ్‌లో పసుపు పూసిన కాగితం పెట్టి బోరాక్స్ పట్టేస్తామని చూపిస్తుంటారు, జాగ్రత్త, వంటసోడా తగిలినా పసుపు ఎర్రబడుతుంది, సున్నం తగిలితే ఎర్రబడినట్టే. యాసిడ్ చుక్క వేసి చేస్తే తప్ప ఆ పరీక్ష దేన్నీ తేల్చదు, దాన్ని పట్టుకుని ఎవరి మీదా నింద వెయ్యకండి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది బుట్టలు. పైవి బాగున్నాయి. అడుగువి రెండు తిరగేసి చూస్తే వెదురు అల్లిక సందుల్లో ఆవగింజలంత నల్ల చుక్కలు, బూజు. వెదురు తడి పీల్చుకుంటుంది, ఈ సముద్రపు గాలికి లోపల్లోపలే ఆరకుండా ఉండిపోతుంది. మా అమ్మ ఇడ్లీ గుడ్డలు ఉతికి ఎండలో వేసి, కరకరలాడేదాకా ఆరితే గానీ లోపలికి తెచ్చేది కాదు, వానాకాలం అయితే పొయ్యి మీద ఆరబెట్టేది. బుట్టకీ అదే చెయ్యాలి, అదే మాట ఆ అబ్బాయితో అన్నాను. నాలుగు పాత బుట్టలు నా ముందే పక్కన పడేశాడు. ఆ రోజు బిల్లులో సియు మై తీసేశారు.

మూడు వారాలకి మళ్ళీ వెళ్ళాను, ఈసారి అత్తయ్యని కూడా తీసుకెళ్ళి, ఆదివారం మధ్యాహ్నం. స్టీమర్ దగ్గర గోడకి గడియారం, పక్కన థర్మామీటర్ వేలాడుతున్నాయి. సియు మై రావడానికి పన్నెండు నిమిషాలు పట్టింది, 82 డిగ్రీలు. ఆ ఆలస్యం నాకెంత సంతోషంగా అనిపించిందో చెప్పలేను. వెల్లుల్లి వేసిన కారం నూనె ఇంతకుముందు టేబుల్ మీదే సీసాలో ఉండేది, ఇప్పుడు ఫ్రిజ్‌లోంచి చిన్న గిన్నెలో తెస్తున్నారు, అది కూడా మంచి పనే, నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లి బయట రోజుల తరబడి ఉండకూడదు. బిల్లు మీద పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉంది. 2022 జనవరి నుంచి అది బిల్లు మీద తప్పనిసరి, మీరు ఎక్కడ తిన్నా ఒకసారి చూసుకోండి.

కోడి కాళ్ళు చెప్పడానికి మొహమాటపడకండి. ముందు నూనెలో వేయించి, చల్లటి నీళ్ళలో నానబెట్టి, నల్ల సోయా గింజల సాస్‌లో మెత్తగా ఉడికించి మళ్ళీ ఆవిరి పడతారు, చర్మం నోట్లో జారిపోతుంది. ఇక్కడ గోళ్ళు శుభ్రంగా తీశారు. చ్యాంగ్ ఫన్ మాత్రం మందంగా ఉంది, 290కి తగినట్టు లేదు. టీ బాగుంది, ప్యు అర్ అని నల్లటి టీ అడగండి, నూనె తిండి తర్వాత నోటికి హాయిగా ఉంటుంది.

ఇక లో మై గాయ్. జిగురు బియ్యం, చికెన్, పుట్టగొడుగులు తామరాకులో చుట్టి ఉడికిస్తారు. అత్తయ్య ఆకు విప్పి వాసన చూసి, "పనసాకు పొట్టిక్కలు గుర్తొస్తున్నాయే" అని సగం పైగా ఆవిడే తినేసింది. రుచిలో ఈ హోటల్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, అందుకే దీని గురించే భయం. ఉడికిన అన్నం బయట ఉంటే బాసిల్లస్ సిరియస్ అనే క్రిమి పెరుగుతుంది, వాంతులు చేయించే దాని విషం మళ్ళీ వేడి చేసినా పోదు. పైకి పొగలు కక్కుతున్నా లాభం లేదు. వీళ్ళు పొద్దున ఒకేసారి చుట్టి, ఉడికించి, రాత్రికి మళ్ళీ వేడిచేసి ఇస్తున్నారు, మధ్యలో ఎంతసేపు బయట ఉంటున్నాయని అడిగితే చెఫ్ దగ్గర సరైన జవాబు లేదు. చల్లార్చిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా మధ్యాహ్నానికి అయిపోయేటన్నే చెయ్యండి అని చెప్పి వచ్చాను. వచ్చే నెల మళ్ళీ వెళ్ళి చూసి ఇక్కడే రాస్తాను. అప్పటిదాకా హార్ గావ్, సియు మై ధైర్యంగా తినండి, లో మై గాయ్ మాత్రం మధ్యాహ్నం రెండు లోపు అయితేనే చెప్పండి.