వైఫైకి వేసిన తాళం: 1.1.1.3, ఫ్యామిలీ లింక్ ఎనిమిది నెలలు వాడాక

మాది మదనపల్లె. పదహారేళ్లుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్నాం. ఇంటి ముందు గదిలో బ్లౌజులు కుడతాను. అబ్బాయి తొమ్మిదో తరగతి, పాప నాలుగు. ఫోన్ల సంగతులు నాకు పెద్దగా తెలియవు. అయినా, పిల్లల ఫోన్లలో బూతు సైట్లు తెరుచుకోకుండా మేం వేసిన తాళాల గురించి రాస్తున్నాను. నాకు అవసరం పడినప్పుడు, మా ఇంట్లో ఇది పెట్టాం, ఇది పనిచేసింది అని తెలిసినవాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గు. నాకూ సిగ్గే.

పోయిన శ్రావణమాసం ముందు సంగతి. ఊపిరాడనంత పని. ఒకామె వీపు వైపు డిజైన్లు చూపించమంది. నా ఫోన్ చార్జింగ్‌లో ఉంటే మావాడిది తీసుకున్నాను. నేను వాడి వదిలేసిన పాత ఫోనే, స్కూల్ హోంవర్క్ యాప్ కోసం వాడికిచ్చాం. 'బ్లౌజ్' అని కొడదామని మొదటి అక్షరం నొక్కగానే, వాడు అంతకుముందు వెతికినవన్నీ కింద వరుసగా దిగాయి. నాలుగు లైన్లు చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను. మెడలో టేపు, వేళ్ల మధ్య సుద్దముక్క. ఆ సుద్ద విరిగి కిందపడింది. "ఏమైందక్కా?" అంది ఆమె. నెట్ రావట్లేదమ్మా అన్నాను.

రాత్రి మా ఆయనకు చెప్తే, "ఆ వయసులో మామూలే, పట్టించుకోకు" అన్నారు. ఆయన కాలంలో ఏ పుస్తకమో చేతులు మారితే చూసేవాళ్లు. ఇప్పుడు గేమ్ ఆడుతూ ఒక యాడ్ నొక్కితే చాలు. పద్నాలుగేళ్ల పిల్లాడు ఆడవాళ్ల గురించి మొదటి పాఠం అక్కడ నేర్చుకుంటుంటే ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఆ టెన్షన్‌లో ఒక తప్పు చేశాను. డబ్బులు కట్టి వాడే నిఘా యాప్ ఒకటి కొన్నాను, పేరు చెప్పను. ఏడాదికి రెండువేల నాలుగు వందలు. వాడికి తెలియకుండా ఫోన్లో వేశాను. వాడి మెసేజ్‌లన్నీ నాకొస్తాయి. వారం రోజులు చదివాను. బూతు ఒక్కటీ కనబడలేదు. కనబడింది వేరే. స్కూల్ కబడ్డీ టీమ్‌లోకి తీసుకోలేదని, బాత్రూంలో ఏడ్చానని ఫ్రెండ్‌కు రాసుకున్నాడు. ఆ రోజు మాతో "సెలెక్షన్ వాయిదా పడింది" అన్నాడు. అది నేను చదవాల్సింది కాదు. ఎనిమిదో రోజు, బ్యాటరీ ఎందుకు దిగిపోతోందా అని వెతికి వాడే ఆ యాప్ పట్టుకున్నాడు. గొడవ చేయలేదు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు, కంచం తీసుకెళ్లి మేడమీద తిన్నాడు. యాప్ తీసేశాను. డబ్బులు తిరిగి అడిగితే వాళ్లు మెయిల్ మీద మెయిల్ పంపారేగానీ రూపాయి ఇవ్వలేదు. దానికి సున్నా మార్కులు, డబ్బుల కోసం కాదు, ఆ నాలుగు రోజుల కోసం.

పాపకు జ్వరమొస్తే చూపించే డాక్టరమ్మ తెలుగావిడే. పాప మందు తీసుకుంటూ, ధైర్యం చేసి అడిగాను. "వాణ్ణి దొంగను పట్టినట్టు పట్టుకోవద్దమ్మా. తాళం వేయండి, కానీ వేశామని వాడికి చెప్పి వేయండి. ఏం చూశావని అడగొద్దు, అది నటన అని మాత్రం చెప్పండి" అంది. ఇంకా ఇబ్బందిగా ఉంటే ఇక్కడి మానసిక ఆరోగ్య ఆసుపత్రి నింహాన్స్‌కు వెళ్లమంది. ఫోన్, నెట్ అలవాటు మితిమీరినవాళ్ల కోసం అక్కడ 2014 నుంచి షట్ క్లినిక్ ఉంది. మేం వెళ్లాల్సిన అవసరం రాలేదు. మనసు బాగోలేకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడొచ్చు, అది ఉచితం.

ఇక అసలు విషయం. మా మరిది ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేస్తాడు. ఆదివారం వీడియో కాల్‌లో "వదినా, రౌటర్ తిరగేసి చూడు" అన్నాడు. కింద స్టిక్కర్ మీద పాస్‌వర్డ్ ఉంది, దుమ్ము తుడిస్తే కనబడింది. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టాను. డీఎన్ఎస్ అని రెండు గడులు ఉన్నాయి. మొదటిదాంట్లో 1.1.1.3, రెండోదాంట్లో 1.0.0.3. సేవ్. అంతే, పది నిమిషాలు, పైసా ఖర్చు లేదు. ఇది క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లు 2020 ఏప్రిల్‌లో ఇళ్ల కోసం తెచ్చిన సర్వీసు. ఫోన్ ఏ సైటుకు వెళ్లాలన్నా ముందు దాని అడ్రస్ ఎవరినో అడగాలి, ఆ అడ్రస్ చెప్పేదే డీఎన్ఎస్. ఇది పెట్టాక బూతు సైటు అడ్రస్ అడిగితే, అలాంటి ఇల్లు ఈ వీధిలో లేదన్నట్టు జవాబొస్తుంది. పేజీ తెరుచుకోదు. ఎవరేం చూస్తున్నారో నాకు తెలియదు, చెప్పదు కూడా. నాకు నచ్చింది అదే. కొన్ని కంపెనీల రౌటర్లలో ఆ గడులు మార్చనివ్వరు, అది ముందే కనుక్కోండి.

ఇంట్లో వైఫై సరే, మొబైల్ డేటా మాటేమిటి? ఆండ్రాయిడ్ 9 నుంచి సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది. అక్కడ ఫ్యామిలీ డాట్ క్లౌడ్‌ఫ్లేర్ డ్యాష్ డీఎన్ఎస్ డాట్ కామ్ అని పెడితే డేటా మీద కూడా పనిచేస్తుంది. దీన్ని పిల్లలు తీసేయొచ్చు, వీపీఎన్ అనే, ఇలాంటి అడ్డుకట్టలు దాటించే యాప్ వేసుకుని పక్కనుంచి వెళ్లిపోవచ్చు. అందుకే గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ కూడా పెట్టాను, ఇదీ ఉచితమే. ప్లే స్టోర్‌లో కొత్త యాప్ కావాలంటే నా ఫోన్‌కు అడుగుతుంది, వీపీఎన్ అడిగితే ఒప్పుకోను. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో, అంటే చూసినవి ఫోన్లో మిగలకుండా చూసే పద్ధతి, రాదు. రాత్రి పదికి ఫోన్ తాళం పడుతుంది. నిద్ర విషయంలో ఇదొక్కటే చాలు.

ఇవి పెట్టేముందు వాడికి చెప్పాను. చిక్కపేటలో లేసులు కొనడానికి స్కూటర్ మీద తీసుకెళ్లాను. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే ధైర్యం నాకు లేదు, స్కూటర్ మీదైతే ఒకరి ముఖం ఒకరికి కనబడదు. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మొదలుపెట్టాను. నీ మెసేజ్‌లు చదవడం నా తప్పు, ఇంకెప్పుడూ చదవను అని ముందు చెప్పాను. తర్వాత తాళం సంగతి. వాడు నా భుజం మీది చెయ్యి తీసేశాడు. హలసూరు దాటాక, హారన్ల మధ్య, "అయితే నిజంగా అట్లా ఉండదా అమ్మా?" అన్నాడు. ఉండదు నాన్నా, డబ్బులిచ్చి చేయించేది అది, నీకిష్టమా అని అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు, మనిషిని మనిషి అడగాలి అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. చిక్కపేట వచ్చేసరికి చెయ్యి మళ్లీ భుజం మీద ఉంది.

ఈ తాళాలు ఆపలేనిదీ చెప్పాలి. ఫ్రెండ్స్ గ్రూపుల్లో వచ్చే వీడియోలను ఇవి ఆపవు. అవి యాప్ లోపలే వస్తాయి, యాప్ మొత్తం మూస్తే తప్ప దారి లేదు. పక్కింటి వైఫై, స్నేహితుడి ఫోన్ మన చేతిలో లేవు. సైట్లను అడ్డుకోవడం ప్రభుత్వమూ చేసింది, 2018లో 827 సైట్లను ఆపమని నెట్ కంపెనీలకు చెప్పింది. అవి పేరు మార్చుకుని మళ్లీ వచ్చాయి. గ్రూపుల విషయంలో మాత్రం వాడికి గట్టిగా చెప్పాను. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల అలాంటి ఫొటో, వీడియో చూడడం, దించుకోవడం, పంపడం ఐటీ చట్టం 67బి ప్రకారం నేరం. దాచుకోవడమూ నేరమేనని చెన్నై యువకుడు ఒకరి కేసులో సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో తేల్చింది. క్లాసులో ఏ పిల్ల ఫొటో అయినా నీకొస్తే ఎవరికీ పంపకు, వెంటనే నాకు చెప్పు, తిట్టను అన్నాను. ఆ పిల్లకు నీకంటే ఎక్కువ భయం ఉంటుందని కూడా.

1.1.1.3కు ఐదుకు నాలుగు, ఫ్యామిలీ లింక్‌కు మూడున్నర ఇస్తాను.

పోయిన నెల నెట్ కంపెనీ కుర్రాడు వచ్చి రౌటర్ మార్చి వెళ్లాడు. పాత రౌటర్‌తోపాటు మా నంబర్లూ పోయాయి. నేను చూసుకోలేదు. మూడో రోజు సాయంత్రం నేను హుక్స్ కుడుతుంటే మావాడు గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఆ తాళం పోయినట్టుంది" అన్నాడు. ఎట్లా తెలిసిందిరా అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. కొత్త రౌటర్ తిరగేసి స్టిక్కర్ మీది పాస్‌వర్డ్ నేను చదివాను, నంబర్లు వాడు కొట్టాడు.