తిరుపతిలో కారు బ్యాటరీ కొనబోతున్నారా? ఆగండి, ముందు కరెంటు ఎటు పోతోందో చూడండి

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ కారు బ్యాటరీ మార్చబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. రేణిగుంట ఎయిర్‌పోర్టులో బండి పెట్టి ఊరెళ్తారు. నాలుగో రోజు వచ్చి తాళం తిప్పితే టిక్ టిక్ అంటుందే గానీ సెల్ఫ్ తీసుకోదు. ఫోన్ చేస్తే షాపు నుంచి మనిషి వస్తాడు. మీటరు పెట్టి, "11.6 చూపిస్తోంది సార్, బ్యాటరీ పోయింది, మార్చేయండి" అంటాడు. అక్కడికక్కడే కొత్తది బిగించి, పాతది ఎక్స్ఛేంజ్ కింద పట్టుకుపోతాడు. వేలల్లో బిల్లు. కొన్నాళ్లకు బండి మళ్లీ నాలుగు రోజులు ఆగితే కొత్త బ్యాటరీ కూడా అలాగే పడుకుంటుంది. వారంటీ అడిగితే, "ఇది డిశ్చార్జ్ అయిందంతే, తయారీ లోపం కాదు" అని ఛార్జింగ్ పెట్టి ఇచ్చేస్తారు. ఆ మాటలో తప్పు లేదు. కాకపోతే అదే మాట పాత బ్యాటరీకీ వర్తిస్తుందని మొదటిరోజు ఎవరూ చెప్పలేదు.

11.6 వోల్టులంటే బ్యాటరీ ఖాళీ అయిందని అర్థం, చెడిపోయిందని కాదు. ఆ రెండూ వేరు. తేల్చాలంటే దాన్ని ముందు నిండా ఛార్జ్ చేయాలి. 35 ఆంపియర్ అవర్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీకి 3 లేదా 4 ఆంపియర్ల ఛార్జర్‌తో దాదాపు ఒక రాత్రి పడుతుంది. ఛార్జర్ తీసేసి కొన్ని గంటలు కదపకుండా ఉంచి చూస్తే 12.6 వోల్టులు, ఆపైన నిలవాలి. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. తర్వాత ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు మీటరు చూడాలి. 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీని నిజంగానే అనుమానించాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించే యంత్రం) ఛార్జింగ్ ఇస్తోందని లెక్క. ఈ మూడింటిలోనూ నెగ్గిన బ్యాటరీని మార్చమన్నారంటే, మీకు అవసరం లేనిది అమ్ముతున్నారన్నమాటే.

ఆగి ఉన్న బండి కూడా కొంత కరెంటు తాగుతుంది. గడియారం, సెక్యూరిటీ అలారం, రిమోట్ లాక్, కంప్యూటర్ జ్ఞాపకం, అన్నీ కలిపి 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. ఆ లెక్కన రోజుకు 1.2 ఆంపియర్ అవర్ పోతుంది, రెండు వారాలు ఆగినా 35 బ్యాటరీలో సగం మిగులుతుంది. అదే 400 మిల్లీ ఆంపియర్లు లాగితే రోజుకు 9.6 పోతుంది. రెండు రోజులకే సగం ఖాళీ, నాలుగో రోజుకు దాదాపు ఏమీ ఉండదు. అలా అట్టడుగుకు దిగి రోజుల తరబడి ఉన్నప్పుడల్లా లోపలి ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, మంచి బ్యాటరీ కూడా కొంత శక్తిని శాశ్వతంగా పోగొట్టుకుంటుంది. అసలే మన ఎండలకు బ్యాటరీ ఆయుష్షు తక్కువ.

కొలవడానికి కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ చాలు. అన్నీ ఆపేయండి. రిమోట్ తాళాన్ని బండికి దూరంగా, ఇంట్లో పెట్టండి. దగ్గరుంటే కీలెస్ బండ్లలో కంప్యూటర్లు నిద్రపోవు. బోనెట్ తెరిచి, డ్రైవర్ డోరు తెరిచే ఉంచి, దాని లాచ్‌ను మాత్రం స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి నొక్కండి. అప్పుడు డోరు మూసినట్టే బండి అనుకుంటుంది, ఫ్యూజు బాక్సు మీ చేతికి అందుతుంది. మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, డయల్‌ను డీసీ ఆంపియర్ల మీదికి తిప్పండి. ఒక కొనను బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, రెండోది నెగటివ్ కేబుల్ క్లాంపుకు ఆనించి, ఆ తర్వాతే క్లాంపు పైకి లాగండి. సర్క్యూట్ తెగకూడదు, తెగితే కంప్యూటర్లన్నీ మేల్కొని లెక్క మొదటికొస్తుంది. పాజిటివ్ వైపు ఈ పని పెట్టుకోవద్దు, స్పానర్ బాడీకి తగిలితే షార్టే. మీటరు అలా ఉండగా ఇగ్నిషన్ వేయకండి, సెల్ఫ్ అసలే కొట్టకండి. మీటరు గానీ దాని ఫ్యూజు గానీ కాలిపోతుంది.

మొదట కనబడే అంకెను నమ్మొద్దు. కొన్ని బండ్లు 20 నిమిషాల్లో నిద్రపోతాయి, కొన్నింటికి గంట కావాలి. రెండు నిమిషాల్లో "కరెంటు లీకేజీ ఉంది" అని చెప్పేవాళ్లదీ, అసలు చూడకుండా "లేదు" అనేవాళ్లదీ ఒకటే తొందర.

అంకె స్థిరపడ్డాక కూడా 50 మిల్లీ ఆంపియర్లు (మీటరు మీద 0.05) దాటి ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూడటం పాత పద్ధతి. అంతకంటే మంచిది, క్లాంపు మళ్లీ బిగించి, మీటరును వోల్టులకు మార్చుకుని, ఫ్యూజును తీయకుండా దాని తలమీది రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవడం. కరెంటు పారని ఫ్యూజు సున్నా చూపిస్తుంది. 10 ఆంపియర్ల చిన్న ఫ్యూజు మీద 3 మిల్లీవోల్టులు వస్తే దాదాపు 400 మిల్లీ ఆంపియర్లు పారుతున్నట్టే. దొరికిన ఫ్యూజు పేరు మూత మీద చూసుకోండి, దొంగ ఆ లైను మీదే ఉంటాడు.

ఎక్కువసార్లు ఆ దొంగ తర్వాత బిగించిన సామానే. బయట వేయించిన స్టీరియోలో పసుపు వైరు ఎప్పుడూ ఉండే కరెంటుకు, ఎరుపు వైరు తాళం తిప్పితేనే వచ్చే కరెంటుకు కలపాలి. తొందరలో రెండింటినీ పసుపుకే చుట్టేస్తే స్టీరియో ఎప్పటికీ పూర్తిగా ఆగదు. పార్కింగ్ మోడ్‌లో నడిచే డాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్ బండిని కంప్యూటర్‌తో పరీక్షించే చోటు) మరిచిపోయిన పరికరం కూడా అంతే. డిక్కీ లైటు ఆరుతుందో లేదో తెలియాలంటే సెల్‌ఫోన్‌లో వీడియో పెట్టి లోపల ఉంచి మూయండి. అతుక్కుపోయిన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) అయితే ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది.

ఫ్యూజు బాక్సులో ఎక్కడా దొరక్కపోతే ఆల్టర్నేటర్ మిగులుతుంది. కరెంటును ఒకవైపే పోనిచ్చే లోపలి డయోడ్ లీకైతే కరెంటు వెనక్కి పారుతుంది, ఆ దారి చిన్న ఫ్యూజుల గుండా వెళ్లదు. బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, ఆల్టర్నేటర్ లావు వైరు విప్పి, దాని కొనకు టేపు చుట్టి మళ్లీ కొలవాలి. అంకె పడిపోతే అదే. ఇది చేయి తిరిగిన ఆటో ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

ఇంత చేశాక కూడా బ్యాటరీ మార్చాల్సిందేనని తేలితే తయారీ నెల, సంవత్సరం చూసే కొనండి. తిరుపతి పక్కన కరకంబాడిలోనే బ్యాటరీ ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఇక్కడ అంతా తాజా సరుకే అనుకోవద్దు, షాపులో నెలల తరబడి కూర్చున్నదీ ఉంటుంది. మీ ముందే వోల్టేజీ చూపించమనండి, 12.4 కంటే తక్కువుంటే వేరేది తీయించండి. వారంటీ కార్డు మీద సీరియల్ నంబరు, అమ్మిన తేదీ, బండి నంబరు, షాపు ముద్ర నాలుగూ పడాలి. బిగించాక, బండి నిద్రపోయినప్పుడు ఎన్ని మిల్లీ ఆంపియర్లు లాగుతోందో కొలిచి బిల్లు మీద రాయించుకోండి. స్టీరియో, కెమెరా బిగించే షాపుల్లోనూ పనికి ముందొకటి, తర్వాతొకటి ఇదే అంకె రాయమనండి. అలా రాయడానికి ఒప్పుకోని చోట పాత బ్యాటరీ ఇచ్చేయకుండా బండి వెనక్కి తెచ్చుకోండి. మాట తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, కానీ అక్కడ నిలబడేది ఆ కాగితం మీది అంకెలే.