ల్యాన్ పోర్ట్ లేని ల్యాప్‌టాప్, మూడేళ్లు వాడాక

ఈ ల్యాప్‌టాప్ తీసుకుని మూడేళ్లు దాటింది. కొన్న నెలలోనే ఒక రివ్యూ రాశా, మంచి మాటలే ఎక్కువ రాశా, కానీ అందులో ఒక మాట ఇప్పుడు చదువుకుంటే మనసుకు కష్టంగా ఉంది. "ల్యాన్ పోర్ట్ లేదు, అయినా ఈ కాలంలో వైరు ఎవరు పెడతారు, వైఫై ఉంటే చాలు" అని రాశా. ల్యాన్ పోర్ట్ అంటే నెట్‌వర్క్ వైరు గుచ్చే చోటు. ఆ మాట నమ్మి ఆఫీసు పనికి ఎవరైనా కొనుంటే వాళ్ల కోసమే మళ్ళీ రాస్తా ఉన్నా. ప్రాసెసర్ ఏంది, ర్యామ్ ఎంత అనేవి డబ్బా మీదే ఉంటాయి, అవి వదిలేస్తా. కంపెనీ పేరు కూడా రాయను, ఎందుకంటే పల్చగా చేసే మోడళ్లలో చాలా వాటికి ఇదే కథ.

ముందు నా పని సంగతి చెప్పాలి. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మిద్దె మీద చిన్న ఆఫీసు, జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్, అకౌంట్లు రాసే పని, నేను కాక ఇద్దరు పిల్లోళ్లు. టాలీ (అకౌంట్లు రాసే సాఫ్ట్‌వేర్) డేటా అంతా మూలన ఉన్న డెస్క్‌టాప్‌లో ఉంటుంది, మిగతా మిషన్లు నెట్‌వర్క్ మీద దాన్ని తెరుచుకుని పని చేసుకోవాలి. కాబట్టి ఇంటర్నెట్ పోతే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని ఎట్లో నెట్టుకొస్తాం గానీ, ఆఫీసు నెట్‌వర్కే తగలకపోతే చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. ఈ రెండూ వేరువేరని కొనేటప్పుడు నాకు తట్టలేదు.

పోయిన జూన్‌లో జరిగింది ఇది. తోతాపురి సీజన్, మా క్లయింట్లలో సగం మంది మామిడి వ్యాపారమే, బిల్లులన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. 11వ తేదీకి జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల లెక్కల రిటర్ను, వేయాలి. 9న నేను బంగారుపాళ్యంలో ఒక మండీ లెక్కలు చూసుకుంటా ఉంటే, ఇక్కడ ఆఫీసులో మా ఇంటర్నెట్ అబ్బాయి వచ్చి రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్ పెట్టిపోయాడు. మ్యాక్ అడ్రస్ అంటే మిషన్ నెట్‌వర్క్ కార్డుకి ఉండే నంబర్, దాన్ని చూసి ఎవర్ని రానీయాలో రౌటర్ తేల్చుకుంటుంది. పైన మిద్దెలో అద్దెకున్న పిల్లలకు మా పాస్‌వర్డ్ తెలిసిపోయిందని, నెట్ స్లో అవుతోందని నేనే వారం ముందు చెప్పుంటి. ఆ రోజు రౌటర్‌కి తగులుకుని ఉన్న మిషన్ల నంబర్లు మాత్రం లిస్టులో చేర్చి, మిగతా వాటిని రానీయకుండా చేశాడు. నా ల్యాప్‌టాప్ ఆ రోజు నాతోనే ఉంది కాబట్టి లిస్టులో లేదు. ఇది తర్వాత తెలిసిన సంగతి.

10న పొద్దున వచ్చి బ్యాగు దించి తెరిస్తే, ఈ నెట్‌వర్క్‌కి కనెక్ట్ కాలేమని ఒక్క లైను వస్తా ఉంది, కారణం లేదు, ఏమీ లేదు. పిల్లోళ్ల మిషన్లు బాగానే ఉన్నాయి. నా ఫోన్ హాట్‌స్పాట్ పెడితే క్షణంలో పట్టుకుంది. రీస్టార్ట్ చేశా, ఫ్లైట్ మోడ్ పెట్టి తీశా, డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశా, ఆ నెట్‌వర్క్‌ని మర్చిపొమ్మని ఫర్గెట్ కొట్టి పాస్‌వర్డ్ మళ్ళీ టైప్ చేశా, ఊహూ. ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో మిషన్‌కి ఉండే అడ్రస్, చూస్తే 169.254తో మొదలయ్యే అడ్రస్ కూడా లేదు, అది ఉంటే లోపలికి పోయింది గానీ రౌటర్ అడ్రస్ ఇవ్వలేదని అనుకోవచ్చు, నాది గడప కూడా దాటలేదు.

ఇంటర్నెట్ అబ్బాయికి ఫోన్ చేస్తే అప్పుడు చెప్పాడు ఫిల్టర్ సంగతి. "సార్, మీ ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ చెప్పండి, ఇక్కడి నుంచే చేరుస్తా" అన్నాడు. నేను బీరువా మీద నుంచి ల్యాప్‌టాప్ డబ్బా దించి, దుమ్ము తుడిచి, స్టిక్కర్ మీదున్న 12 అక్షరాలు ఒక్కొక్కటే చదివా, ఆయన తిరిగి చదివి వినిపించాడు, సరిపోయింది. చేర్చాడు. అయినా తగల్లేదు. "అట్లయితే వైఫై కార్డు పోయినట్టుండాది సార్" అన్నాడు. పోయుంటే హాట్‌స్పాట్ ఎట్ల పడుతుంది తమ్ముడూ అంటే, కొన్నిసార్లు అట్లే ఉంటుంది అన్నాడు. సర్వీస్ సెంటర్‌కి చేస్తే మిషన్ తెచ్చి మూడు రోజులు పెట్టాలి, బోర్డు కూడా చూడాల్సి రావచ్చు అన్నారు. సెంటర్ తిరుపతిలో, 70 కిలోమీటర్లు, మరుసటి రోజు లాస్ట్ డేట్.

సాయంత్రం ఆ అబ్బాయే పాపం పని ముగించుకుని మెట్లెక్కి వచ్చాడు. ఫిల్టర్ తీసేసి చూశాడు, టక్కున కనెక్ట్ అయింది. కనెక్ట్ అయి ఉన్నప్పుడే రౌటర్ లిస్టులో నా మిషన్ నంబర్ మీద నొక్కి చేర్చి, ఫిల్టర్ మళ్ళీ పెట్టాడు, అప్పుడూ పోలేదు. హమ్మయ్య అనుకుని రాత్రి పది దాకా పని చేశా.

11న పొద్దున కూడా బాగానే ఉంది. పదకొండు గంటలప్పుడు టాలీ కొంచెం లాగతా ఉందని, ముందు రోజు అలవాటైన పనే కదా అని ఫర్గెట్ కొట్టి మళ్ళీ కనెక్ట్ చేశా. అంతే. మళ్ళీ అదే లైను. ఆ క్షణంలో కాళ్లలో సత్తువ పోయింది నాకు. పిల్లోళ్లిద్దరూ వాళ్ల వాళ్ల క్లయింట్ల ఎంట్రీల్లో మునిగి ఉన్నారు, వాళ్లని లేపితే వాళ్ల రిటర్నులు ఆగిపోతాయి, నాకు కావాల్సిన డేటా ఆరడుగుల దూరంలో డెస్క్‌టాప్‌లో ఉంది, నా కుర్చీ వెనకాల గోడకి పాత ల్యాప్‌టాప్ రోజుల్లో లాగించిన ల్యాన్ వైరు అట్లే వేలాడతా ఉంది. ఆ వైరు కొస చేత్తో పట్టుకుని ల్యాప్‌టాప్ చుట్టూ తిప్పి చూశా, దూర్చడానికి చోటు లేదు. అప్పుడొచ్చిన కోపం ఇంకా పూర్తిగా పోలేదు. కొన్ని కంపెనీలు పల్చటి వాటికి కూడా దవడ మాదిరి కిందికి తెరుచుకునే పోర్ట్ పెడతా ఉన్నాయి, చేయాలనుకుంటే చేయొచ్చు అని తెలిశాక ఇంకా ఎక్కువైంది.

మా పిల్లోడే గుర్తు చేశాడు, "సార్, యూఎస్‌బీకి పెట్టే ల్యాన్ అడాప్టర్ దొరుకుతాదంట కదా" అని. బండేసుకుని గాంధీ రోడ్డులో రెండు అంగళ్లు తిరిగితే ఒకచోట దొరికింది, 900 రూపాయలు. 100 ఎంబీపీఎస్‌ది ఇంకా చవగ్గా ఉంది, అది వద్దని పదింతల వేగముండే గిగాబిట్‌ది తీసుకున్నా. తెచ్చి పెట్టి వైరు గుచ్చితే టక్ మని చప్పుడు, పచ్చ లైటు వెలిగింది, నేనేమీ నొక్కకుండానే డెస్క్‌టాప్ ఫోల్డర్ తెరుచుకుంది. ఫిల్టర్ వైఫైకే గానీ వైరుకు లేదు. రాత్రి తొమ్మిదిలోపు ఆఖరి రిటర్ను వేసేశా. ఆ టక్ అనే చప్పుడు విని అంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

అసలు రోగం ఆదివారం తీరిగ్గా కూర్చుంటే దొరికింది. రౌటర్ లిస్టు తెరిచి, అందులో నా ల్యాప్‌టాప్ పేరు మీదున్న నంబర్‌ని డబ్బా స్టిక్కర్ పక్కన పెట్టి చూశా. ఒక్క అక్షరం కూడా కలవలేదు. ల్యాప్‌టాప్ దొంగ పేరు చెప్పుకుని తిరుగుతా ఉంది. స్టిక్కర్ మీద రెండో అక్షరం 4, రౌటర్‌లో ఉన్నదానికి రెండో అక్షరం 6. ఇది తెలుసుకోదగ్గ గుర్తు: రెండో అక్షరం 2, 6, A, E వీటిలో ఏదైనా ఉంటే అది మామూలుగా ఫ్యాక్టరీలో వేసిన నంబర్ కాదు, తర్వాత సాఫ్ట్‌వేర్‌తో కల్పించింది. విండోస్ 11లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో వైఫై కింద ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ అని ఒక బటన్ ఉంది, అది నా దాంట్లో ఆన్‌లో ఉంది. ఏడాది ముందు మా అక్క కొడుకు వచ్చినప్పుడు, "మామా, నువ్వు లాడ్జీల్లో, బస్టాండుల్లో ఫ్రీ వైఫై వాడతావు, ఇది పెట్టుకో, ఎవరూ నీ మిషన్‌ని గుర్తుపట్టి వెంబడించలేరు" అని పెట్టాడు. తప్పు చెప్పలేదు వాడు. ఫిల్టర్ లేనంత కాలం ఆఫీసులో దాంతో ఏ ఇబ్బందీ రాలేదు కాబట్టి నేను మర్చిపోయా.

ఆ బటన్ ఆన్‌లో ఉంటే ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో కల్పిత నంబర్ వాడుతుంది, మామూలుగా అదే నంబర్ నిలబడుతుంది, కానీ ఫర్గెట్ కొట్టి మళ్ళీ చేరితే కొత్త నంబర్ పుడుతుంది. అంటే నేను మందు అనుకుని పదే పదే కొట్టిన ఫర్గెట్టే నన్ను మళ్ళీ మళ్ళీ బయటికి నెట్టింది. అబ్బాయి చేర్చిన డబ్బా నంబర్ అసలుదే, ల్యాప్‌టాప్ ఆ పేరుతో తలుపు తట్టనే లేదు. ఇప్పుడు ఆఫీసు నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లోకి పోయి అక్కడ మాత్రం ఆఫ్ చేశా, లాడ్జీలకీ బస్టాండులకీ ఆన్‌లోనే ఉంచా. అప్పటి నుంచి వైఫై ఒక్కరోజు కూడా మొండికేయలేదు. కార్డు బాగుంది, బోర్డు బాగుంది. తిరుపతికి పోయుంటే మూడు రోజులు, ఎంత బిల్లో దేవుడికే ఎరుక.

మ్యాక్ ఫిల్టర్ గురించి కూడా ఒక మాట. చిన్న ఆఫీసుకి అది పెద్ద కాపలా ఏం కాదు, తెలిసినవాడు లోపలున్న మిషన్ నంబర్ గాల్లోంచే చూసి తన మిషన్‌కి పెట్టుకోగలడు. మేం ఫిల్టర్ తీసేసి పాస్‌వర్డ్ మార్చి, వచ్చేపోయేవాళ్లకి గెస్ట్ వైఫై వేరే పెట్టాం, పై మిద్దె పిల్లల బాధ కూడా పోయింది. మొదటే ఈ పని చేసుంటే 10, 11 తేదీలు నాకు అట్ల గడిచేవి కావు.

మరి అసలు తప్పు సెట్టింగ్‌దైతే ల్యాన్ పోర్ట్ మీద కోపం ఎందుకు అని అడగొచ్చు. నిజమే, ల్యాప్‌టాప్‌ది దోషం కాదు. కానీ పోర్ట్ ఉండుంటే 10వ తేదీ పొద్దున పది నిమిషాల్లో వైరు గుచ్చి పని మొదలుపెట్టుందును, వైఫై రోగం ఏందని ఆదివారమే నెమ్మదిగా వెతుక్కుందును. పైగా టాలీ వైఫై మీద నడుపుతా ఎంట్రీ మధ్యలో సిగ్నల్ పోతే డేటా చెడుతుంది, తర్వాత రిపేర్ కొట్టుకోవాలి, ఏడాదికి రెండు మూడు సార్లు అనుభవించా. వైరుకి మారాక ఆ బాధ లేదు.

మొదటి రివ్యూలో మెచ్చుకున్నవి కూడా కొంచెం సరిచేయాలి. బరువు తక్కువ అన్నా, ఇప్పటికీ తక్కువే, కానీ బ్యాగులో అడాప్టర్ తోడైంది. రెండు యూఎస్‌బీలు చాలు అన్నా, ఒకదానికి అడాప్టర్, ఇంకోదానికి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (రిటర్నుల మీద సంతకానికి పెట్టే పెన్‌డ్రైవ్ లాంటిది) పెడితే మౌస్‌కి చోటు లేదు, బ్లూటూత్ మౌస్ కొనాల్సొచ్చింది. కీబోర్డు మాత్రం అప్పుడు చెప్పినట్టే, మూడేళ్లుగా నంబర్లు కొట్టి కొట్టి 0 అక్షరం చెరిగిపోయింది గానీ కీ ఇంకా మెత్తగా పలుకుతుంది. బ్యాటరీ మొదట్లో ఉన్నంత రావడం లేదు, మూడేళ్లకి అంతేనేమో.

కొనాలా వద్దా అంటే, ఇంట్లో కూర్చుని నెట్ మీద పని చేసుకునేవాళ్లకి, చదువుకునే పిల్లలకి ఇది బాగానే ఉంటుంది, వద్దనను. నాలాగా డేటా ఇంకో మిషన్‌లో పెట్టుకుని లాస్ట్ డేట్ల మీద బతికేవాళ్లు మాత్రం కొంచెం లావుగా ఉన్నా ల్యాన్ పోర్ట్ ఉన్నదే చూసుకోండి, లేదంటే కొన్నరోజే అడాప్టర్ కూడా కలిపి కొనేయండి. నేనైతే దీన్ని ఇంకో ఏడాది వాడతా, అడాప్టర్‌ని గోడ వైరుకే తగిలించి ఉంచేశా, పొద్దున బ్యాగు దించగానే ముందు అది గుచ్చి పచ్చ లైటు వెలిగిందా లేదా చూసి, చార్జర్ తర్వాత పెడతా.