బ్రిటిష్ ఆంప్ నాదం కోసం ఓవర్‌డ్రైవ్ పెడల్: ఐదేళ్ల వాడకం తరువాత

నల్లగొండలో ఉంటూ ఓవర్‌డ్రైవ్ పెడల్ (ఎలక్ట్రిక్ గిటారుకూ ఆంప్‌కూ, అంటే ఆంప్లిఫయరుకూ, మధ్య పెట్టి ధ్వనిని చిరిగినట్లు చేసే కాలి పెట్టె) ఎంచుకోవడమంటే చాలావరకు ఇతరులు చెప్పింది నమ్మి కొనడమే. మా ఊళ్లో తీగలు, పిక్కులు, కేపోలు దొరుకుతాయి గానీ పెడల్‌ను నాలుగు రకాల ఆంప్‌లకు తగిలించి వాయించి చూసుకునే వీలు నాకు ఎన్నడూ దొరకలేదు. అందుకు దాదాపు వంద కిలోమీటర్లు బస్సులో హైదరాబాదు పోవాలి; పోయినా, దుకాణంలో పది నిమిషాలు విన్న ధ్వనికీ ఇంట్లో పది నెలలు వినే ధ్వనికీ పొంతన ఉండదు. ఈ ఐదేళ్లలో నేను ఒక ట్యూబ్ స్క్రీమర్‌ను, ఒక బ్లూస్ డ్రైవర్‌ను, బ్రిటిష్ ఆంప్ కంపెనీ మార్షల్ తెచ్చిన బ్లూస్‌బ్రేకర్ పెడల్ సర్క్యూట్‌ను అనుసరించి చేసిన మరొక పెడల్‌ను సొంతంగా వాడాను. మహబూబ్‌నగర్‌లో ఉండే మిత్రుడి గవర్నర్ (మార్షల్‌దే మరో పెడల్) నమూనా పెడల్ నాలుగు నెలలు నా దగ్గరే ఉంది. నా ఆంప్ పది అంగుళాల స్పీకరు ఉన్న 40 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్. ఇంట్లో దాని వాల్యూమ్ మూడు దాటితే పక్కింటి పెద్దమ్మ గోడ తడుతుంది. నా తీర్పులన్నీ ఈ పరిస్థితుల్లో ఏర్పడినవే.

బ్రిటిష్ నాదం అని ఒకే మాటతో అంటాము గానీ అందులో కనీసం రెండు వేర్వేరు స్వభావాలున్నాయి. వాక్స్ కంపెనీ ఆంప్ ఏసీ30లో నాలుగు ఈఎల్84 వాల్వులు (గాజు గొట్టాలు) ఉంటాయి, పవర్ విభాగంలో నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (ధ్వనిని అదుపు చేసేందుకు అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపే ఏర్పాటు) ఉండదు. అందుకే అది పగిలేటప్పుడు (ధ్వని చిరగడం మొదలైనప్పుడు) పై స్వరాలు గంట మోగినట్లు మెరుస్తాయి. మార్షల్ దారి వేరు. 1960ల తొలినాళ్లలో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన జేటీఎం45 నిజానికి అమెరికా ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను ఆధారం చేసుకున్నదే; వాల్వులు, స్పీకర్లు, పెట్టె మారేసరికి దాని గొంతు మారిపోయింది. మార్షల్ ఆంప్‌ల పేర్లలోని 1959, 1962, 1987 అనే అంకెలు మోడల్ సంఖ్యలే తప్ప సంవత్సరాలు కావు. నేను రెండేళ్లు పొరబడ్డాను కనుక చెబుతున్నాను. బ్లూస్‌బ్రేకర్ అని పిలిచే కాంబో ఆంప్ ఆ 1962 మోడలే. 1966లో జాన్ మేయాల్ బృందం రికార్డులో ఎరిక్ క్లాప్టన్ దాన్ని వాయించాక ఆ పేరు స్థిరపడింది. ఆ ధ్వనిని చిన్న పెట్టెలో ఇవ్వాలని మార్షల్ 1991లో అదే పేరుతో పెడల్ తెచ్చింది.

నేను మొదట కొన్నది ట్యూబ్ స్క్రీమర్. అందరూ దాన్నే కొనమన్నారు. దాని సర్క్యూట్ సుమారు 720 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న బేస్‌ను క్లిప్పింగ్‌కు (సిగ్నల్ కొసలు తెగి ధ్వని చిరిగే దశకు) ముందే తగ్గిస్తుంది, ఆ తరువాత ట్రెబుల్‌నూ అణచివేస్తుంది. ఫలితంగా మధ్య స్వరాలు పొంగుతాయి. అప్పటికే పగులుతున్న మార్షల్ ముందు పెడితే ఈ గుణమే వరం, ఎందుకంటే బేస్ బిగుసుకుని సోలో పైకి లేస్తుంది. నా శుభ్రమైన (చిరుగు లేని) చిన్న ఆంప్ మీద మాత్రం ముక్కుతో పాడుతున్నట్లు వినిపించింది. దోషం పెడల్‌ది కాదు, నేను దాన్ని పెట్టిన చోటుది. బ్లూస్ డ్రైవర్ అందుకు భిన్నం. అది తీగ మీద వేలి బలాన్ని దాచకుండా చూపిస్తుంది, అయితే సింగిల్ కాయిల్ గిటారుతో (తీగల కంపనాన్ని పట్టే పికప్‌లో ఒకే తీగచుట్ట ఉన్నది) వాడినప్పుడు టోన్ మీటను గడియారం ముల్లు లెక్కన తొమ్మిది గంటల స్థానానికి దించాల్సి వచ్చేది. వాక్స్ తరహా మెరుపు కావాలనుకునేవారికి నేను ఇప్పటికీ దాన్నే సూచిస్తాను.

బ్లూస్‌బ్రేకర్ నమూనా పెడల్‌తో మొదటి వారం నిరాశ పడ్డాను. గెయిన్ (చిరుగును పెంచే మీట) మొత్తం తిప్పినా పెద్దగా గర్జించదు, ధ్వని పలచగా ఉందనిపించింది. ఆంప్ మీద మిడిల్‌ను పెంచి, బేస్‌ను సగానికి తగ్గించి, పెడల్ గెయిన్‌ను రెండు గంటల దగ్గర, వాల్యూమ్‌ను ఆంప్ శుభ్రధ్వని కంటే కొంచెం ఎక్కువగా పెట్టిన రోజు అసలు సంగతి తెలిసింది. హమ్‌బకర్ (రెండు తీగచుట్టల పికప్) గిటారు వాల్యూమ్ పదిలో ఉన్నప్పుడు A మేజర్ కార్డు కొడితే అంచులు చిరిగినట్లు వినిపిస్తూనే ఆరు తీగలూ విడివిడిగా తెలిశాయి. అదే మీటను ఆరుకు దించి మెత్తగా మీటితే చిరుగు మాయమై, గుండ్రటి శుభ్రమైన స్వరం మిగిలింది. పాట మధ్యలో పెడల్ తొక్కే పని తప్పింది. గవర్నర్ నమూనాలో ఇంత మృదుత్వం ఉండదు. అది ఎల్‌ఈడీలతో గట్టిగా క్లిప్ చేస్తుంది, బేస్, మిడిల్, ట్రెబుల్ మీటలు విడిగా ఉంటాయి, హార్డ్ రాక్ వాయించేవారికి అదే సరైనది. నాకు అంత గర్జన అక్కర్లేదు, మిత్రుడికి తిరిగి ఇచ్చేశాను.

అసలు ఇబ్బంది చర్చిలో వచ్చింది. అక్కడ గిటారు ఆంప్ లేదు. అందరి కేబుళ్లూ నేరుగా మిక్సర్‌లోకే వెళ్తాయి. పెడల్‌ను అలాగే తగిలించి మొదటి కీర్తన ఎత్తుకోగానే వెనుక వరుస నుంచి ఒక పెద్దాయన, "గదేంది తమ్మీ, మైకుల కందిరీగలు సొచ్చినయా?" అన్నాడు. ఆయన మాట నూటికి నూరు పాళ్లు నిజం. గిటారు స్పీకరు సుమారు ఐదు వేల హెర్ట్జ్ దాటాక ధ్వనిని నిటారుగా తగ్గించేస్తుంది. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ వంటి పన్నెండు అంగుళాల స్పీకర్లు బ్రిటిష్ నాదంలో సగం పని చేసేది ఇక్కడే. మిక్సర్‌కు, హాలు పెట్టెలకు ఆ గుణం ఉండదు కనుక క్లిప్పింగ్‌లో పుట్టిన గరగర అంతా బయటకు వస్తుంది. పెడల్ తరువాత గిటారు స్పీకరు పెట్టె గుణాన్ని అనుకరించే ఒక చిన్న క్యాబినెట్ సిమ్యులేటర్ పెట్టాక ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు. ఆంప్ లేకుండా వాయించేవారు రెండో పెడల్ కోసం దాచిన డబ్బును ముందు దీని మీదే పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

కరెంటు విషయం కొద్దిగా. అన్ని పెడల్స్‌నూ ఒకే అడాప్టరుకు గొలుసుకట్టుగా కలిపినంత కాలం, డిజిటల్ డిలే పెడల్ (ప్రతిధ్వని ఇచ్చేది) నుంచి సన్నని కూత ఓవర్‌డ్రైవ్‌లోకి చేరి పెద్దదయ్యేది. పైగా ఇంట్లో బోరు మోటారు వేసినప్పుడల్లా గుయ్యిమనే హమ్ వచ్చేది. డిలేకు విడిగా అడాప్టరు ఇచ్చి, ప్లగ్ పాయింటుకు ఎర్తింగ్ సరిచేయించాక రెండూ తగ్గాయి. తొమ్మిది వోల్టుల సెల్లుతో వాడేవారు వాయించడం ముగిశాక ఇన్‌పుట్ జాక్ తీసేయాలి, ఎందుకంటే ఆ జాకే సెల్లుకు స్విచ్చు. తొక్కి ఆపినా సెల్లు ఖర్చవుతూనే ఉంటుంది. మూడో ఏట నా పెడల్ కాలి స్విచ్చు పట్టు తప్పింది. తయారీదారుకు రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు, మా ఊరి రేడియో మెకానిక్ అరగంటలో కొత్త స్విచ్చు అతికించి ఇచ్చాడు. ఇప్పుడు అదే నడుస్తోంది. మీటల స్థానాలు మారిపోకుండా మా చెల్లి గోళ్ల రంగుతో పెట్టిన ఎర్ర చుక్కల్లో, గెయిన్ దగ్గరి చుక్క ఒక్కటే అరిగిపోయింది.