గూగుల్‌టెస్ట్: సీ++11 వదిలేసి మంచి పనే చేశారు

సీ++లో యూనిట్ టెస్టులంటే (కోడ్‌లో ఒక్కో చిన్న భాగాన్నీ విడిగా పరీక్షించేవి) నేను చాలా ఏళ్లుగా గూగుల్ వాళ్ల లైబ్రరీ గూగుల్‌టెస్టే వాడుతున్నాను. అప్‌డేట్ చేస్తే పాత ప్రాజెక్ట్ బిల్డ్ అవ్వట్లేదని ఈమధ్య చాలామంది దీన్ని తిడుతున్నారు, అందుకే రాస్తున్నా. సీ++11, 14, 17 అంటే ఆయా ఏళ్లలో వచ్చిన సీ++ భాష స్టాండర్డ్‌లు. 2023 జనవరిలో వచ్చిన గూగుల్‌టెస్ట్ 1.13కి కనీసం సీ++14 కావాలి, 2025లో వచ్చిన 1.17కి అయితే సీ++17. సీ++11తో నడిచే ఆఖరిది 1.12 సిరీసే.

మాకూ దెబ్బ తగిలింది. ప్రాజెక్ట్ ఎలా బిల్డ్ అవ్వాలో చెప్పే మా సీమేక్ ఫైల్లో ఎవరో లైబ్రరీని నేరుగా మెయిన్ బ్రాంచ్ నుంచి, అంటే ఎప్పటికప్పుడు మారే తాజా కోడ్ నుంచి, తెచ్చుకునేలా రాసిపెట్టారు, ఒకరోజు పొద్దున వచ్చి చూస్తే బిల్డ్ మొత్తం ఫెయిల్. టెంప్లేట్ ఎర్రర్లు వందల లైన్లు చదవాలేమోనని టెన్షన్ పడ్డాను కానీ, సీ++14 కన్నా పాతవాటికి సపోర్ట్ లేదని లైబ్రరీయే ఒక్క ముక్కలో చెప్పేసింది. ఇది నాకు బాగా నచ్చింది. తీరా చూస్తే మా కంపైలర్ (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చేది) జీసీసీ 9, ఏ స్టాండర్డో మనం చెప్పకపోయినా అది సీ++14 తీసుకుంటుంది, మేమే ఎప్పుడో స్టాండర్డ్ 11 అని పెట్టి మర్చిపోయాం. ఆ 11ని 14 చేశాను, అంతే.

పాత స్టాండర్డ్‌ని మోయడం తేలిక కాదండీ. మేక్ యూనిక్ లాంటి చిన్న ఫంక్షన్ కూడా సీ++11లో లేదు, 14లోనే వచ్చింది. ఇలాంటివన్నీ సొంతంగా రాసుకుని, ప్రతి మార్పునీ పాత కంపైలర్ల మీద కూడా పరీక్షించాలి. 2011 నాటి స్టాండర్డ్ కోసం ఇంకా ఎన్నాళ్లు చేస్తారు?

నాకు నచ్చనిది నంబరింగ్. 1.12 నుంచి 1.13 అంటే చిన్న అప్‌డేటే అనుకుంటాం, ఇంత పెద్ద మార్పు ఉందని నంబర్ చూసి ఎవరికీ తెలీదు. ఎప్పుడూ మెయిన్ బ్రాంచ్‌లో తాజా కోడే వాడమని గూగుల్‌టెస్ట్ వాళ్లు ఇచ్చే సలహా కూడా చిన్న టీములకి సరిపడదు, ఒక రిలీజ్ దగ్గర కట్టేసుకోవడమే మంచిది.

సీ++11 దాటలేని పాత సర్వర్లున్నవాళ్లు 1.12.1 దగ్గర ఆగిపోండి, టెస్టులు రాసుకోవడానికి అది చాలు. మిగతావాళ్లకి ఐదుకి నాలుగు స్టార్లతో నిస్సంకోచంగా చెప్తాను, కొత్తది వాడండి. 1.17కి వెళ్లేటప్పుడు మాత్రం జీసీసీ 11 కన్నా పాతదైతే సీ++17 అని మీరే చెప్పాలి, అది దానంతటది తీసుకోదు.